ఈకలు కరిగే వేడి

నా బట్టలు ఆఖర్న ఉతుకుతాను. ముందు పిల్లలవి, తర్వాత అత్తగారివి, ఆ తర్వాత ఆయనవి. అందరివీ తీగ మీదికెక్కాక నావి. నా బట్టలకి వేరే బకెట్, వేరే సబ్బు, పెరటి గోడ వెనక వేరే తీగ. ఇది ఎవరూ కూర్చుని పెట్టిన నియమం కాదు. ఒకరోజు అత్తగారు "ఆ చీర వీటితో కలపకమ్మా, పిల్లలు బడికెళ్ళాలి" అన్నారు. మర్నాడు పెరట్లో కొత్త బకెట్ కనిపించింది. మా ఇంట్లో శాసనాలన్నీ ఇలాగే బకెట్ల రూపంలోనో గ్లాసుల రూపంలోనో వెలువడతాయి. ఆయన చొక్కాల మీద రోజూ కోడి నెత్తురు మరకలుంటాయి. ఆ వాసన కష్టపడి సంపాదించే మగవాడి వాసన కాబట్టి అది ఇంటిల్లిపాది బట్టలతో కలవొచ్చు. నా ఒంటి మీదిది కంపు. రెండు వాసనలూ ఒకే కోడివని నాకు చాలాసార్లు అనిపించింది కానీ, చేతుల నిండా సబ్బు నురగ ఉన్నప్పుడు వచ్చే ఆలోచనలు నురగతోనే పోతాయి. ఆయన చొక్కాలు చల్లనీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టి, కాలర్లు చేత్తో రుద్ది, అప్పుడు మిగతావాటిలో కలుపుతాను.

మాది కోళ్ళ వ్యాపారం. ఇంటికి ఆనుకునే పెద్ద రేకుల షెడ్డు. తెల్లవారేసరికి లారీలో కోళ్ళు దిగుతాయి, మధ్యాహ్నానికి శుభ్రమైన మాంసం ప్యాకెట్లలో హోటళ్ళకి వెళ్ళిపోతుంది. మిగిలినదాని సంగతి ఎవరూ మాట్లాడరు. తలకాయలు, కాళ్ళు, పేగులు, తడి ఈకలు, నెత్తురు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అవన్నీ డ్రముల్లో ఊరి బయటికి వెళ్ళి ఒక గోతిలో పడేవి. కొన్నాళ్ళకి ఆ గోతి పక్కన ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళవాళ్ళు గుంపుగా వచ్చి గేటు ముందు నిలబడ్డారు. మున్సిపల్ ఆఫీసు నుంచి మనుషులు వచ్చి, ఇంకోసారి గోతిలో పోస్తే షెడ్డుకి తాళం వేస్తామని చెప్పి వెళ్ళారు. ఆ వారమంతా ఆయన ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. అత్తగారు మాత్రం నావైపు చూసి "ఏ వేళలో అడుగుపెట్టావో గానీ" అన్నారు. నేను అడుగుపెట్టి చాలా ఏళ్ళయింది, అప్పటికి పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు.

వంటింట్లో కూరలు తరుగుతూ ఫోన్లో ఒక వీడియో చూశాను. ఏదో దేశంలో ఒకావిడ, ఆవిడ భాష సగం సగమే అర్థమైంది, చచ్చిన కోళ్ళని రంపపు పొట్టు కింద కప్పెట్టి కొన్ని నెలల తర్వాత నల్లటి మట్టి తీస్తోంది. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది కూడా. మా పక్క వీధిలో వడ్రంగి ఉన్నాడు. పొట్టు ఇస్తావా అని అడిగితే "వదిన పుణ్యమా అని నా కొట్టు ఖాళీ అవుతుంది" అని సంచుల్లో నింపి మరీ పంపాడు. పెరటి వెనక పాత గేదెల కొట్టం ఖాళీగా ఉంది. అందులో మొదలుపెట్టాను. మొదటి కుప్ప మహా దారుణంగా పాడైంది. నెత్తురు ఎక్కువ పోశాను, పొట్టు తక్కువ వేశాను. పురుగులు పుట్టి వంటింటి తలుపు కింద నుంచి వరసగా లోపలికి వచ్చాయి. అత్తగారు మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని "ఇంటి కోడలు ఎక్కడుందో వెతకక్కర్లేదురా, ముక్కుంటే చాలు" అని కొడుక్కి చెప్పారు. ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏం చేస్తాం, మాట బాగుంది. అత్తగారికి నోటి దురుసుతోపాటు నోటి చమత్కారం కూడా ఉంది, అది ఒప్పుకోవాలి.

తర్వాత తర్వాత చెయ్యి తిరిగింది. వాసనలో రకాలున్నాయని తెలిసింది. ముక్కు మండితే పొట్టు చాలలేదని. కుళ్ళిన గుడ్డు కంపు కొడితే లోపల తడి ఎక్కువై గాలి ఆడడం లేదని. గుప్పెట్లో పట్టి పిండితే వేళ్ళ సందుల్లో చెమ్మ కనిపించాలి, కారకూడదు. ఒక పొర పొట్టు, ఒక పొర వ్యర్థం, మళ్ళీ పొట్టు, పైన దుప్పటిలా మందంగా ఎండాకులు. కొంచెం పాత ఎరువు కలిపితే, పాలల్లో పెరుగుచుక్క వేసినట్టు, కొత్త కుప్ప తొందరగా అందుకుంటుంది. ఇనపచువ్వ ఒకటి కుప్ప మధ్యలో గుచ్చి ఉంచి కాసేపయ్యాక తీసి పట్టుకోవాలి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే లోపల పని జరుగుతున్నట్టు. ఆ వేడికే క్రిములు చస్తాయి, పేగులు మాయమవుతాయి, ఆఖరికి ఈకలు కూడా కరుగుతాయి. ఈకలంత మొండి పదార్థం ఇంకోటి లేదు. చలికాలం ఒక పొద్దున కొట్టం తలుపు తీసేసరికి కుప్ప మీద నుంచి ఆవిరి లేస్తోంది. చువ్వ తీసి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. పెళ్ళయ్యాక నాకు అంత సంతోషం కలిగిన సందర్భం వెతుక్కోవాలి. పిల్లలు పుట్టినప్పుడు కలిగింది కానీ అందులో నొప్పి ఉంది, భయం ఉంది, "ఆడపిల్లా?" అని అడిగేవాళ్ళున్నారు. ఇది నా ఒక్కదాని సంతోషం. కొట్టంలో నిలబడి బొబ్బెక్కిన వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాను. లోపల అన్నం మాడింది.

దీన్ని ఇంట్లో ఎవరూ పని అనలేదు. అత్తగారి లెక్కలో అది నా పిచ్చి. ఆయన లెక్కలో కాలక్షేపం. స్నేహితులు వచ్చినప్పుడు "మా ఆవిడకి పెంటంటే ప్రాణం. నగలక్కర్లేదు, చీరలక్కర్లేదు, నాలుగు డ్రముల పేగులు తెస్తే చాలు" అనేవారు. వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. నేను కాఫీలు తెచ్చి ఇచ్చేదాన్ని. కాలక్షేపం అనే మాట గురించి మాత్రం చాలా రోజులు ఆలోచించాను. కాలం మిగిలిపోయి ఏం చెయ్యాలో తోచనివాళ్ళు చేసేది కదా అది. పొద్దున్నే లేచి వంట, పిల్లల్ని తయారుచెయ్యడం, అత్తగారికి వేడినీళ్ళు, షెడ్డులో పనివాళ్ళకి టీ, గిన్నెలు, బట్టలు, ఆ సందుల్లో పారతో కుప్ప తిరగెయ్యడం, ఆ వెంటనే స్నానం, స్నానమయ్యాకే వంటిల్లు. నా కాలం ఎక్కడ మిగిలిందో ఆయనకెలా కనిపించిందో నాకు అర్థం కాలేదు. పడుకునే వేళ నేను పక్క మీదికి రాగానే ఆయన "తలస్నానం చేశావా?" అని అడుగుతారు. చేశానన్నా అటు తిరిగే పడుకుంటారు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత పక్కంతా నాకే మిగిలిందని కాళ్ళు చాపుకున్నాను.

ఎవరెంత నవ్వినా గోతి గొడవలు ఆగాయి, తాళం మాట మళ్ళీ రాలేదు. ఒకరోజు మొక్కల నర్సరీ యజమాని ఒకాయన సొంత వ్యాను వేసుకుని గేటు ముందుకి వచ్చి "ఎరువు మీ దగ్గరేనా దొరికేది?" అని అడిగాడు. అడిగింది మా ఆయన్ని. మా ఆయన ఒక్క క్షణం తడబడి "మా దగ్గరే" అన్నారు. ఆ "మా"లో నేనున్నానో లేదో చూద్దామని కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పుడే రొయ్యలక్క కూడా వచ్చింది. వీధి చివరి చేపల మార్కెట్‌లో రొయ్యలు అమ్ముతుంది, అక్కడి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. అందరూ అక్కా అనే పిలుస్తారు. తిన్నగా పెరట్లోకి వచ్చి, కొట్టంలో గుప్పెడు ఎరువు తీసి వాసన చూసింది.

"ఓసి నీ దుంపతెగ! వాన పడ్డాక మట్టి వాసన వస్తోందే. ఇది నిజంగా పేగులేనా?"

"పేగులే అక్కా."

"మా మార్కెట్‌కి రా. చేప తలకాయలు, పొలుసులు, రొయ్య పొట్టు కుప్పలు కుప్పలుగా ఉంటున్నాయి. మాకు షెడ్డుంది, మనుషులున్నారు. తెలిసిన మనిషే లేదు. నీకేం కావాలో నువ్వే చెప్పు, సంఘంలో పెడతాను."

"ఇంట్లో అడిగి చెప్తాను."

"దేనికి? నీ చేతులు ఇంట్లోవాళ్ళ దగ్గర తాకట్టులో ఉన్నాయా?" అని నవ్వి, నా ఫోన్లో తన నంబరు తనే కొట్టి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర అడిగాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని "చేపల మార్కెట్‌కా! మనవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు. కోళ్ళ పేగులకి లేని అప్రదిష్ట చేప పేగులకి ఎక్కడ నుంచి వచ్చిందో తెలియలేదు. అత్తగారు "ఉన్న వాసన చాలదూ" అన్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. రొయ్యలక్కకి ఫోన్ చేసి కుదరదని చెప్పడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

తర్వాత వారమే ఆయన ఒక శుభవార్త తెచ్చారు. ఎప్పుడూ లేనిది వంటింటి గుమ్మంలోకి వచ్చి, గోడకి ఆనుకుని, చాలా ప్రేమగా చెప్పారు. "ఇన్నాళ్ళూ నువ్వు పడ్డ కష్టం చాలు. ఇక హాయిగా కడుపులో చల్ల కదలకుండా ఇంట్లో ఉండు. ఎరువు సంగతి బావ చూసుకుంటాడు. దీన్ని పెద్ద ఎత్తున చేద్దామనుకుంటున్నాం."

బావ అంటే మా ఆడపడుచు భర్త. నాకు అన్నయ్య వరస. నేల తుడిచే ఫినాయిళ్ళ ఏజెన్సీ పెట్టి దెబ్బతిని ఖాళీగా ఉన్నాడు. మనిషి మంచివాడే, ఎదురుపడితే "చెల్లెమ్మా, బాగున్నావా" అని నోరారా పలకరిస్తాడు. అత్తగారు కూడా "అదృష్టవంతురాలివి. మొగుడు నీ కష్టం చూసి కరిగిపోయాడు" అన్నారు. నా చేతిలోది లాక్కుంటున్నారని నాకు తెలుస్తోంది. కానీ వాళ్ళందరి మొహాల్లోనూ ఇస్తున్నవాళ్ళ కళ ఉంది. ఎవరైనా తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇంత ప్రేమగా సుఖపెడుతుంటే ఏమనాలో నాకెవరూ నేర్పలేదు. "నాకు కష్టంగా లేదండీ, నాకు ఇష్టం" అన్నాను. ఆయన నా భుజం తట్టి "పిచ్చిదానా" అన్నారు. ఆయన నన్ను అలా తాకి చాలా కాలమైంది, అందుకు కూడా నాకు కోపం వచ్చింది.

కొట్టానికి కొత్త తాళం పడింది. గోడలకి సున్నం, గేటుకి రంగు వేశారు. సంచుల మీద చనిపోయిన మా మామగారి ఫోటో అచ్చు వేయించారు. ఆయన బతికున్నన్నాళ్ళూ పెరటివైపు రావాలంటే కండువా ముక్కుకి చుట్టుకునేవారు. నేను ఇంట్లో హాయిగా ఉన్నాను. నా బట్టలు ఇప్పుడు అందరి బట్టలతో ఉతకొచ్చని అత్తగారు అన్నారు. పొద్దున్నే లేచి చేతులతో ఏం చెయ్యాలో తెలియక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. కొట్టం కిటికీలోంచి ఆవిరి వస్తోందో లేదో మేడ మీద బట్టలు ఆరేసే నెపంతో చూసుకునేదాన్ని. బెంగ అంటే ఇదేనని, ఒక పేగుల కుప్ప మీద కూడా మనిషికి బెంగ పుడుతుందని, ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారని అనుకున్నాను.

ఎరువు పెద్ద ఎత్తున కొంటామన్న ఒక తోటల కంపెనీ నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని హడావుడి మొదలైంది. ముందురోజు అన్నయ్య అమ్ముడుపోక మిగిలిన ఫినాయిల్ క్యాన్లన్నీ తెప్పించి, పనివాళ్ళ చేత కుప్పల మీద పోయించాడట. కుప్పల్లో కన్నాలు పొడిచి లోపలికి కూడా పోయించాడట. కంపు కొడుతున్న చోట ఫినాయిల్ పొయ్యడం అతని వృత్తి, అతను మాత్రం ఏం చేస్తాడు. వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకున్నారు. "అసలు వాసనే లేదే!" అని ఫోటోలు తీసుకున్నారు. నేను వంటింట్లోంచి టీ ట్రే తీసుకుని వెళ్ళాను. ఆ పూలవాసన, మందువాసన కలిసి గుప్పున కొట్టాయి. ఆయన "మా మిసెస్" అని పరిచయం చేశారు. ఒకాయన "టీ బాగుందండీ" అన్నాడు. ఆ కుప్పలో కోటానుకోట్ల ప్రాణులున్నాయి, వాటి వల్లే ఆ వేడి. వాటిని చంపేశారని నేను ఆ నలుగురి ముందు అనలేకపోయాను. వాళ్ళు వెళ్ళాక ఆయనతో అన్నాను. "ఎప్పుడూ ఏదో ఒక పుల్ల పెట్టకపోతే నీకు తోచదా? కాంట్రాక్ట్ వచ్చినట్టే" అన్నారు.

కొన్నాళ్ళకి కొట్టంలోంచి పాత గోతి కంపు మొదలైంది. ఈకలు ఈకల్లాగే ఉన్నాయి. ఈగలు ముసిరాయి. కంపెనీకి మొదటి సంచులు నింపి పంపాల్సిన రోజు దగ్గరపడింది. ఒక పొద్దున ఆయనే వచ్చి "ఒక్కసారి వచ్చి చూడు" అన్నారు.

వెళ్ళాను. అన్నయ్య జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. "ఏం తెగులు పట్టిందో చెల్లెమ్మా, ఇంకో రెండు క్యాన్లు పోద్దామా?" అన్నాడు పాపం. అత్తగారు కూడా పెరటి గుమ్మందాకా వచ్చారు. నేను చెప్పులు విడిచి కుప్ప ఎక్కాను. చువ్వ గుచ్చి తీసి పట్టుకుంటే చల్లగా ఉంది. ఇంకోచోట చూశాను, చల్లగానే ఉంది. నాకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, కంపుకి అనుకుని వాళ్ళు తల తిప్పుకున్నారు. ఆఖరికి గోడ మూల, పైన రేకు వాలి ఉండడం వల్ల మందు సరిగ్గా పడని చోట, చువ్వ లాగితే చెయ్యి చురుక్కుమంది. చేత్తో తవ్వి చూశాను. తెల్లటి బూజు తీగలు, నల్లటి పొడి, ఆవిరి. బతికే ఉంది.

"బాగుపడుతుందా?" అన్నారాయన.

"పడుతుంది. మందుతో తడిసినదంతా పైనుంచి తీసి ఎండలో పల్చగా పరచాలి. మిగతాది అడుగుదాకా తిరగెయ్యాలి. కొత్త పొట్టు కలపాలి. పాత ఎరువు సంచులు అటక మీదున్నాయి, అది తోడు వేసి మళ్ళీ కట్టాలి. పారలు ఆ మూలనే ఉన్నాయి."

ఇద్దరూ పారల వైపు చూశారు. తర్వాత నావైపు చూశారు.

"అవన్నీ మాకెందుకు చెప్తావు, నువ్వు దిగితే అయిపోతుందిగా" అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు, నమ్మకం ఉంది. "రేపటి నుంచి మళ్ళీ నువ్వే చూసుకో. ఆఫీసు పని, బయటి వ్యవహారం బావ చూస్తాడు. పొద్దున్న వంట అమ్మ చేస్తుందిలే."

అత్తగారు గుమ్మంలోంచి "చేస్తానులే, ఏం చేస్తాం" అన్నారు. "ఆ వేరే బకెట్ పారెయ్యలేదుగా?"

ఆ మాట వింటూ మళ్ళీ కొట్టం అంతా చూశాను. నిజం చెప్పొద్దూ, నా చేతులు పార కోసం లాగాయి. ఈ రోజే దిగితే ఈ కుప్ప నిలబడుతుంది, ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. దిగితే మళ్ళీ పొద్దున్నే ఆవిరి చూస్తాను. సంచి మీద మామగారుంటారు, కాగితాల మీద అన్నయ్య ఉంటాడు, నర్సరీ ఆయనతో మా ఆయన మాట్లాడతారు, నేను టీ తెస్తాను. వాళ్ళు నాకు కష్టం మాత్రమే తిరిగి ఇస్తున్నారు. అది కూడా ఎంతో పెద్ద మనసుతో ఇస్తున్నారు. నాకు కోపం వస్తుందేమో అని చూసుకున్నాను, రాలేదు. చువ్వ పట్టుకుని చూసినంత తేటగా ఉంది మనసు.

చక్రాల బండి లాగి ఆ మూలకి తెచ్చాను. వేడిగా ఉన్న భాగం మాత్రం పారతో జాగ్రత్తగా తీసి బండిలోకి నింపాను. వేడి పోకుండా తడి గోనెసంచి కప్పాను. వాళ్ళు ఇదంతా రిపేరులో భాగం అనుకున్నట్టున్నారు, అన్నయ్య ఒక చెయ్యి కూడా వేశాడు. అప్పుడు కొంగుకి చెయ్యి తుడుచుకుని రొయ్యలక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, ఈ పూటే వస్తున్నాను. పొట్టు తెప్పించు. మొదటి కుప్ప ఇవాళే కడదాం."

"ఓసోసి! ఇంట్లో అడిగావా?" ఆవిడ గొంతు కొట్టమంతా వినిపించింది.

"ఇక్కడే ఉన్నారక్కా, వింటున్నారు."

బండి పిడులు పట్టుకుని గేటు వైపు తిప్పాను. ఆయన అడ్డం వచ్చారు. బండి వైపు చూసి "మన ఎరువు తీసుకుని ఎక్కడికి?" అన్నారు.

"బతికున్నంత వరకే తీసుకున్నానండీ. మిగతాదంతా మీదే" అన్నాను.